మేనత్త సలహా

టమోటాల సంచి ఇంజెక్షన్ల గది గడపకు ఆనించి, “మదనపల్లెకే ఖాయం సేసినామక్కా” అన్నాడు వెంకటప్ప, సంతలో కోడిపెట్టను కొన్నంత తేలిగ్గా.

శాంతకుమారి కట్లు కట్టే గాజుగుడ్డ కత్తిరిస్తా ఉండింది. కత్తెర ఆపలేదు. పుంగనూరు సర్కారాసుపత్రిలో స్టాఫ్ నర్సుగా జుట్టు నెరిసిన మనిషి, కోపం వచ్చినంత మాత్రాన గుడ్డ వంకరగా తెగనివ్వదు. తెగిన ముక్కను మడత మీద మడత పెట్టి, పోగులు బయటికి రాకుండా అంచు లోపలికి తోసి, స్టీలు డ్రమ్ములో పేర్చింది. ఇంకో ముక్క అందుకొంది.

“ఎవురు ఖాయం సేసినారు?”

“మేమే.”

“మేమే అంటే ఎవురు రా? పిల్లనడిగినారా?”

“పిల్లనేం అడిగేదక్కా, దానికేం తెలుసు.”

పిల్ల అంటే భార్గవి, వెంకటప్పకు ఒక్కతే కూతురు. ఇంటరు మంచి మార్కులతో పాసయింది. నర్సింగు చదువుతానంటే ఇంట్లో ఎవరూ కాదనలేదు, మేనత్త చదివిందే గదా అనుకొన్నారు. ఇప్పుడు రెండు చోట్ల సీటొచ్చింది. మదనపల్లెలో జీఎన్‌ఎం, అంటే డిప్లొమా. కుప్పంలో బీయస్సీ నర్సింగు, అంటే డిగ్రీ. సోమవారంలోగా పోయి చేరకపోతే కుప్పం సీటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇంతే సంగతి. దీన్ని పట్టుకొని సదుం దగ్గర వెంకటప్ప ఉండే పల్లెలో ఇంటింటా పంచాయితీ నడస్తా ఉంది.

“కుప్పం దూరం గదక్కా” అన్నాడు వెంకటప్ప, అక్క మొహం చూసి.

“పలమనేర్లో బస్సు మారితే పోతాది. పిల్లను కాశీకి పంపిస్తాండావా?”

“ఆడంతా అరవం మాట్లాడతారంట.”

“సంతలో ఎద్దులు కొనేటప్పుడు నీకు అరవం అడ్డమొచ్చిందా?”

“నాలుగేండ్లు సదవల్ల.”

“డిప్లొమాకూ మూడేండ్లు దాటతాది గదరా! ఆ కొసరుకు డిగ్రీ వస్తాంటే కాలితో తంతారా ఎవరన్నా?”

“మదనపల్లె అయితే మార్కెట్టుకు టమోటాలు తోలినప్పుడంతా పిల్లను సూసుకొని రావచ్చు. కుప్పం హాస్టల్లో సంగటి కూడా పెట్టరంట.”

ఒక సాకు కొట్టేస్తే ఇంకోటి మొలుస్తాంది. గరిక పీకినట్టే ఉండాది ఇతగాడితో. శాంతకుమారి కత్తెర పక్కన పెట్టింది.

“వెంకటప్పా, నేను సదివింది ఆ డిప్లొమానే. అది తక్కువని నేననడంలే. దాంతోనే అన్నం తింటాండా, పని నేర్పించేదీ అదే. కానీ ట్రైనింగు స్కూల్లో పాఠం సెప్పే పోస్టుకు పోతే డిగ్రీ లేదని తలుపుకాడే ఆపేసినారు నన్ను. చేరినప్పుడు ఏ కుర్చీనో, ఇప్పుడూ అదే కుర్చీ. పిల్లకు ఆ గతి యాల?”

“నువ్వు బాగలేవా అక్కా ఇప్పుడు?” అన్నాడు వెంకటప్ప. తరవాత ఓరగా ఒక చూపు చూసి, “సెప్తావులే నువ్వు. నీకు కోడలయ్యే పిల్ల గదా” అని పోయినాడు.

ఆ ఓర చూపుకే ఆమె నోరు పడిపోయేది. ఆ ఇంట్లో నర్సింగు గురించి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. నోరెత్తకూడని మనిషీ ఆమె ఒక్కతే. భార్గవిని ఉయ్యాల్లో వేసిన నాడే, పెద్దల ముందర, ఇది నా ప్రతాప్‌కే అని మాట తీసుకొని ఉండాది. ప్రతాప్ ఆమె కొడుకు. ఇంటరు తప్పి, పుంగనూర్లోనే బోరు మోటర్లకు వైండింగు చేసే అంగడి పెట్టుకొన్నాడు. కాబోయే అత్త ఏం చెప్పినా అందులో లాభమే కనపడుతుంది జనాలకు. డిప్లొమా చాలు అందా, కొడుకు కన్నా కోడలు ఎక్కువ చదవకూడదని ఏడుస్తాంది అంటారు. డిగ్రీ చదివించండి అందా, సంపాదించే కోడలు కావల్సి వచ్చింది ఈమెకు అంటారు. వెంకటప్ప పెండ్లాం మునీశ్వరి ఈ రెండో మాట మొన్న మొహం మీదే అనేసింది కూడా.

ఆసుపత్రిలో డాక్టరమ్మ బిడ్డలకు మేనరికాలు చెయ్యొద్దని వచ్చినోళ్ళకు చెప్తాంటే, పక్కన నిలబడి “అవునమ్మా, వద్దమ్మా” అని తలాడించే మనిషే శాంతకుమారి. ఇంటికొచ్చేసరికి ఆ మాట ఊరోళ్ళ బిడ్డలకే గానీ మన బిడ్డలకు కాదనిపిస్తుంది. మనిషి బుద్ధి అంతే.

ఆ పొద్దు తొడ మీద గడ్డ కోయించుకొన్న ముసలాయనకు కట్టు మారుస్తాంటే, “మెల్లగా తల్లీ, నేనేం తప్పు సేసినా?” అన్నాడాయన. ఆమెకు సిగ్గేసింది. “నువ్వు కాదులే తాతా” అని, ఉప్పునీళ్ళతో పాత గుడ్డను నానబెట్టి, చర్మం లాగకుండా నిదానంగా ఊడదీసింది.

*

శనివారం మధ్యాన్నం డ్యూటీ దిగి సదుం బస్సెక్కింది. బస్సు దిగి పల్లెకు నడిచి పోయేసరికి మునీశ్వరి వాకిట్లో టమోటాలు ఏరతా ఉండింది. పండ్లు ఒక పక్క, దోరవి ఒక పక్క, మచ్చ పడినవి ఇంకో పక్క.

“రా వదినా. కోడలి సదువు కోసం వచ్చినావా?”

“కాదు, టమోటాలు తినిపోదామని వచ్చినా” అని శాంతకుమారి చెప్పులు విడిచి పక్కన గొంతుక్కూర్చుంది. చేయి ఊరకుండలేక తనూ ఏరడం మొదలు పెట్టింది.

“నీకేం వదినా, కుప్పం కుప్పం అంటావు. మోసేది మేము గదా. వయసొచ్చిన బిడ్డను నాలుగేండ్లు కంటికి కనపడకుండా యాడ వదిలేది? రేపేమన్నా అయితే నీ కొడుకే వద్దంటాడు.”

“నా కొడుకును ఎందుకు లాగుతావు దీంట్లోకి?”

“నేను లాగేదేముంది? ఉండాడు గదా వాడు దీంట్లో!”

ఇంతలో రంగప్ప వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. వెంకటప్పకు, శాంతకుమారికి పెదనాయన వరస. ఊర్లో ఏ ఇంట్లో ఏ మాట నడుస్తున్నా ఆ ఇంటి అరుగు మీదికి చేరే మనిషి. ఆకు వక్క నోట్లో వేసుకొని, “సూదేసే దానికి డిగ్రీ యాలమ్మా శాంతా?” అన్నాడు. “మన గొడ్లకు సూదేసే కాంపౌండరు ఏం సదివినాడు? గొడ్లు బతకలేదా?”

“బతికినాయి పెదనాయనా. సచ్చినవి వచ్చి సెప్పవు గదా.”

“కలకడలో మా అల్లుని చెల్లెలు ఆ డిప్లొమానే సదివింది. బెంగుళూర్లో దర్జాగా ఉండాది. డిగ్రీ అంటే ఆడబిడ్డకు తలకు ఎక్కుతాదమ్మా.”

కందకు లేని దురద కత్తిపీటకెందుకో! శాంతకుమారి కోపాన్ని పంటి కిందనే తొక్కిపెట్టింది. చేతిలోని పండు కాస్త గట్టిగా నొక్కినట్టుంది, పగిలి రసం చీర మీద పడింది. మునీశ్వరి ఆ పండును తీసుకొని మచ్చ పండ్ల కుప్పలో వేసింది, ఏమీ అనకుండా. అనకపోవడమే ఎక్కువ మండింది ఈమెకు.

పొద్దు వాలతాంటే భార్గవి ఆవులకు తవుడు నీళ్ళు కలుపుతా ఉండింది. మోచేతి దాకా చెయ్యి బక్కెట్లో ముంచి ఉండలు చిదుముతాంది. సన్నని పిల్ల, మాట తక్కువ. శాంతకుమారి పోయి గడ్డి వేసే గాటి పక్కన నిలబడింది.

“నీకేం కావల్లనే? నాకు సెప్పు.”

“కుప్పం అత్తా.”

“యాల?”

భార్గవి చెయ్యి తీసి విదిలించింది. “మందు ఏసేది నేర్పిస్తారు రెండు తావులా. అది ఒంట్లోకి పోయి ఏం సేస్తాదో, యాల సేస్తాదో, అది ఆడ జాస్తిగా సెప్తారంట. నాకు అది కావల్ల. అది తెలిస్తే రేపు నేను ఇంకొకరికి సెప్పచ్చు.”

“మీ నాయనకు ఇట్లనే సెప్పినావా?”

“సెప్పినా. నీకు తెల్దు, గమ్మునుండు అన్నాడు. ఎందుకు తెల్దో సెప్పడు అత్తా. అరస్తే అర్థమవుతాది, కొడితే అర్థమవుతాది. నాయన ఊరకనే తల దించుకొని పోతాడు. దానికి నేనేం సెయ్యల్ల?” అంది. కండ్లు నిండినాయి గానీ ఏడవలేదు. బక్కెట ఎత్తి ఆవు ముందర పెట్టి, ఆవు మూతి పెట్టే దాకా నిలబడింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే శాంతకుమారి చేను కాడికి పోయింది. వెంకటప్ప టమోటా చెట్లకు కట్టెలు నాటి, పురికొసతో కడతా ఉండాడు. కొమ్మ విరగకుండా దారం వదులుగా చుట్టి, కట్టెకు మాత్రం గట్టిగా ముడి వేసేది. ఆమె ఒక పురికొస ఉండ తీసుకొని సాలుకు అటుపక్క నిలబడింది. ఇద్దరూ ఎదురెదురుగా చెట్టు వెంట చెట్టు కట్టుకొంటా పోయినారు. సగం సాలు అయిపోయింది.

“రేపే సోమవారం” అందామె.

“ఊఁ.”

“ఊఁ ఏమి రా ఊఁ? రాయి మాదిరి! దూరమన్నావు, అరవమన్నావు, సంగటన్నావు. ఒక్కటన్నా నిజమా దాంట్లో? బీయస్సీ సీటు రాక ఎంతమంది బిడ్డలు ఏడస్తాండారో నీకు తెలుసా? వచ్చిందాన్ని నువ్వు పెంటలో పారేస్తాండావు. దాని గొంతు నువ్వే పిసికి, తండ్రినని ఎట్ల తిరగతావు రా ఊర్లో?”

వెంకటప్ప చేతిలో దారం తెగింది. “నీ కొడుకు కోసమే అక్కా!” అని అరిచినాడు.

పక్క చేన్లో నీళ్ళు కడుతున్నాయన తలెత్తి చూసినాడు. వెంకటప్ప గొంతు తగ్గించినాడు.

“ప్రతాప్ ఇంటరు తప్పినోడు. మంచోడు, కాదనను. పిల్ల డిగ్రీ సదివి, డాక్టర్ల మధ్యన తిరిగి వచ్చి, ఈ మోటర్ల వాడు నాకొద్దు నాయనా అంటే? నీ ముందర నేనెట్ల నిలబడేది? నీ మొగుడు పోయినాక కూడా నన్ను సాకింది నువ్వు, నన్ను బడికి పంపింది నువ్వు, అమ్మ సచ్చినప్పుడు అమ్మవైంది నువ్వు. డిప్లొమా అయితే రొంత తక్కువలో ఉంటాది, మాట ఇంటాది. నేనే దాన్ని తగ్గిస్తాండా. నీ కోసమే తగ్గిస్తాండా. నువ్వేమో వారం నుంచీ నన్నే తిడతాండావు!”



శాంతకుమారి పురికొస ఉండ కింద పడేసింది. ఇన్ని దినాలు ఈ మొండోడిని తిట్టుకొంది, మునీశ్వరిని తిట్టుకొంది, ఆ రంగప్ప పెదనాయనను తిట్టుకొంది. తీరా చూస్తే, బిడ్డ దారికి అడ్డంగా పడి ఉండేది ఉయ్యాల కాడ తను తీసుకొన్న మాటే. అది తట్టినాక కోపమే వచ్చింది, వెనకటికన్నా ఎక్కువగా.

“ఆలు లేదు సూలు లేదు, కొడుకు పేరు సోమలింగమంట! అది నాలుగేండ్ల తరవాత ఏమంటాదో అని ఇప్పుడే కాళ్ళు ఇరగ్గొడతావా? నడువు ఇంటికి.”

“యాలక్కా?”

“నడువంటాంటే!”

పెద్దల ముందర తీసుకొన్న మాట పెద్దల ముందరే తిరిగియ్యాల. అది ఆ పక్క ఊర్ల పద్ధతి. శాంతకుమారి రంగప్పను పిలిపించింది, మునీశ్వరిని పొయ్యి కాడి నుంచి రమ్మంది. వాకిట్లో చీర కొంగు నడుముకు దోపుకొని నిలబడి, ఇంజెక్షన్ పేరు చెప్పినంత గట్టిగా చెప్పింది.

“నా కొడుక్కి ఈ పిల్లను అడిగినాను ఒకనాడు. ఇప్పుడు అడగడంలే. మాట మీకే తిరిగిస్తాండా. దీనికీ నాకూ మేనత్త వరస తప్ప ఏ వరసా లేదు. ఇప్పుడు సెప్తాండా, లాభం లేని మనిషిగా సెప్తాండా, వినండి. కుప్పం పంపించండి.”

మునీశ్వరి చేతిలో గరిటె అట్లనే ఉండిపోయింది. వారమంతా ఎత్తిపొడిచిన మనిషి, “అయ్యో వదినా, మా పాప ఏం తప్పు సేసిందని?” అని ఏడుపు ఎత్తుకొంది. రంగప్ప ఆకు నమలడం ఆపినాడు. వెంకటప్ప అరుగు మీద కూలబడి తల పట్టుకొన్నాడు. “రేపు పొద్దున బస్సుకు పోదాం” అన్నాడు, ఎవరి వైపూ చూడకుండా.

భార్గవి గడపలో నిలబడి ఉండింది. మేనత్త వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. బట్టలు సర్దుకొనేదానికి పోయిందని అనుకొంది శాంతకుమారి.

*

కుప్పం బస్సులో భార్గవి కిటికీ పక్కన కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. పలమనేర్లో టీ తాగమంటే వద్దంది. శాంతకుమారికి విసుగొచ్చింది. కొడుకును అమ్ముకొన్నంత పని చేసి సీటిప్పిస్తే, ఈ పిల్ల మొహం మాడ్చుకొని కూర్చుంటాది! “కావల్లంటివి గదనే కుప్పం. ఇప్పుడేమైంది?” అని మోచేత్తో పొడిచింది. “ఏం లేదత్తా” అంది భార్గవి.

కాలేజీలో పని మధ్యాన్నానికి అయిపోయింది. తెల్ల కోట్లు వేసుకొన్న పిల్లలు గుంపులుగా తిరుగుతాంటే, వెంకటప్ప పంచె సరిచేసుకొంటూ గోడ పక్కన ఒదిగి నిలబడినాడు. హాస్టల్ గేటు కాడ కూతురి తల మీద చేయి పెట్టి తీయలేకపోయినాడు. శాంతకుమారే, “బస్సు పోతాది రా” అని చేయి పట్టుకొని లాక్కొచ్చింది. దారి పొడుగునా తమ్ముడు ఏడ్చినాడు. ఆమె కూడా ఏడ్చింది గానీ, ఆమెది దేనికో ఆమెకే తెలుసు. ఆ పిల్ల తన ఇంట్లో తిరుగుతుందని, తన పెట్టె తాళాలు దానికి ఇస్తానని ఎన్నేండ్లుగానో అనుకొన్న మనిషి.

పుంగనూర్లో దిగేసరికి ఇంకా వెలుతురుండాది. నేరుగా ప్రతాప్ అంగడికి పోయింది. వీనికి చెప్పేది ఎట్లా అని బస్సులోనే మాటలు కూర్చుకొంది. ఇంకో సంబంధం చూస్తాను నాయనా, నిమ్మనపల్లెలో మంచి పిల్ల ఉండాది, ఇట్లాంటివి.

అంగడి ముందర కాలిపోయిన మోటర్లు వరసగా పెట్టి ఉండాయి. ప్రతాప్ కింద కూర్చుని, రాగి తీగ చుట్టిన గుత్తిని మోటరు గాడుల్లోకి దిగేస్తా ఉండాడు. వెదురు పుల్లతో ఒక్కో పోగును లోపలికి జారుస్తాండాడు. తల ఎత్తలేదు.

“భార్గవి కుప్పంలో సేరిపోయింది” అంది శాంతకుమారి.

“తెలుసు.”

“ఎట్ల తెలుసు?”

“మీరు బస్సెక్కినాక ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ సేసింది. నిన్న మామ చేన్లో అరిచిందీ, నువ్వు వాకిట్లో సెప్పిందీ సెప్పింది.” ఇంకో పోగు జార్చినాడు. “సీటొచ్చిన నాడు కూడా ముందు నాకే సేసింది. కుప్పం పో అన్నాను నేనే. నాలుగేండ్లేగదా, ఉంటా అన్నాను.”

శాంతకుమారి చేతిలోని సంచి కింద పెట్టింది. కూర్చుకొన్న మాటలన్నీ యాడికి పోయినాయో.

“నువ్వే పొమ్మన్నావా? డిగ్రీ సదివిన పిల్ల రా అది. నువ్వు ఇంటరు తప్పినోడివి. నీకు నామోషీ కాదా?”

ప్రతాప్ అప్పుడు తల ఎత్తినాడు. కండ్లు ఎర్రగా ఉండాయి, వార్నిష్ వాసనకు కాదు.

“సుట్టుపక్కల పల్లెల్లో బోరు కాలితే నా తావుకే వస్తారు. నాకేం నామోషీ? నామోషీ నీకూ మామకూ. మామ నా కోసం దాన్ని తగ్గిస్తాడంట, నువ్వు నా కోసం తీసుకొన్న మాట తిరిగిస్తావంట. నాకు ఏమనిపిస్తాదో అని మీ ఇద్దరూ కొట్లాడుకొన్నారు. ఈ అంగడి ఆసుపత్రికి ఎంత దూరమమ్మా? ఒక్క పూట వచ్చి నన్నడిగింటే?”

అడగలేదు. తెలిసినదాన్ని నన్నెవరూ అడగరే అని వారమంతా ఊరందరి మీదా మండిపడిన మనిషి, కడుపున పుట్టినోడిని అడగలేదు. బస్సులో ఆ పిల్లను మోచేత్తో పొడిచింది గుర్తొచ్చింది.

“నా మతి మండ! రేపు లీవు పెట్టి పోతా నాయనా. మీ మామ కాళ్ళు పట్టుకొనైనా సరే, పెదనాయనను పిలిపించి మళ్ళా…”

“యాడికీ పోవద్దు” అన్నాడు ప్రతాప్. గొంతు పెంచలేదు. “మళ్ళా ఆ వాకిట్లోకి పోయి దాన్ని అడగొద్దు, ఇయ్యొద్దు, తీసుకోవద్దు. సదువుకోనీ. అయినాక నేనే పోయి అడుగుతా. మామను కాదు, నిన్ను కాదు. దాన్ని.”

“వద్దంటే?”

ప్రతాప్ వెదురు పుల్ల అందుకొని మళ్ళా మోటరు మీదికి వంగినాడు.

“అనల్లంటే అంటాది. ఉయ్యాల్లో ఉన్నప్పుడు దానికి మాటలు రావు గదమ్మా. ఇప్పుడొస్తాయి.”